అన్నయ్యకు మిగిలిన నాలుగు మాటలు

పొట్టేలు సరిగ్గా కుడి పక్కటెముకల మీద కుమ్మింది. హైమవతి కుర్చీలోంచి ఎగిరిపడబోయి, నడుముకి బెల్టు ఉండబట్టి ఆగిపోయింది. యాభై రెండేళ్ల మనిషి, నాలుగు భాషలు చదువుకున్న మనిషి, "ఓలమ్మో!" అని అరిచింది.

నిజానికి ఆ గదిలో పొట్టేలూ లేదు, గొర్రే లేదు. గాజు అద్దం అవతల టోపీ పెట్టుకుని కూర్చున్న ఎలీషా మెల్లగా 'హర్ట్' అన్నాడు. అంతే జరిగింది.

"సరిపోయిందా మేడమ్?" అన్నాడు మైకులో.

"సరిపోవడమేమిటయ్యా, ఎముకలు తడుముకుంటున్నాను! వందల ఏళ్ల కిందట ఫ్రెంచివాళ్లు ఈ మాట పుట్టించినప్పుడు వాళ్ల మనసులో ఉన్నది ఇదే. కుమ్మడం. ఇంగ్లీషువాడు ఆ కుమ్ముడిని తీసుకుపోయి, నలగ్గొట్టి, మెత్తని మాట చేసుకున్నాడు. హర్ట్ అయిపోయింది, పద."

విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా ఉన్న కొండవాలు మీద ఆ లాబు పన్నెండేళ్లుగా నడుస్తోంది. యంత్రం పేరు వేదిని. ఒకరు టోపీ పెట్టుకుని మాట అంటే, చేతికి పట్టీ కట్టుకున్న రెండోవారికి ఆ మాటలోని బాధ ఒంటికి తెలుస్తుంది. మధ్యలో అరచేయంత గాజుపలక ఒకటి ఉంటుంది. మాట అందులోంచి దూరి, అక్కడ ముందే ముద్ర వేసి ఉంచిన అనుభవాన్ని వెంటబెట్టుకుని అవతలివారిని చేరుతుంది. యంత్రం కట్టింది కర్రి ఎలీషా. పలకలో ఏ మాటకి ఏ అనుభవం ఉండాలో తేల్చింది హైమవతి.

ఆస్పత్రుల్లో నొప్పి ఫారాలన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి కనుక ముందు ఇంగ్లీషు పట్టుకున్నారు. హాని చెయ్యడానికీ, హాని పొందడానికీ ఆ భాషలో ఉన్న మాటలు మూడువందల పన్నెండు తేలాయి. ఒక్కోదాని పుట్టుక తవ్వడం, ఆ పుట్టుకనాటి బాధ ఎవరిలో దొరుకుతుందో వెతికి, వాళ్లని బతిమాలి, ఆ అనుభవాన్ని గాజులోకి ఎక్కించడం, ఇదీ పని. హర్ట్ కోసం ఎలీషా స్వయంగా కొత్తవలస సంతకి వెళ్లి పందెపు పొట్టేలు చేత కుమ్మించుకున్నాడు. సంత సంతంతా నవ్వింది. డామేజ్ లాటిన్ భాషలో నష్టం, జరిమానా. దానికి తుపానులో పడవ పోగొట్టుకున్న ఒకాయన్ని పట్టుకొచ్చారు. ఇంజురీ అంటే న్యాయం కానిది. చెయ్యని తప్పుకి తొమ్మిదేళ్లు జైల్లో ఉన్న మనిషి దొరికాడు. హార్మ్ పాత ఇంగ్లీషులో శోకం. ఆ శోకాన్ని కాసులమ్మ అనే బెస్తామె ఇచ్చింది. కొడుకు పోయి అప్పటికి నెల కూడా కాలేదు. "నా ఏడుపు ఇంకొకరికి పనికొస్తాదంటే తీసుకోండమ్మా" అంది. ఆ రోజు హైమవతి అన్నం తినలేకపోయింది.

మాట ఎక్కడ పుట్టిందో దాని ప్రాణం అక్కడే ఉంటుందని హైమవతి గట్టి నమ్మకం. ఎవరైనా కాదంటే వాళ్లకి చదువు చాలలేదనేది. పరీక్షలన్నీ అద్భుతంగా నెగ్గాయి మరి! నెగ్గకేం చేస్తాయి? టోపీ పెట్టుకుని కూర్చున్నవాళ్లందరూ హైమవతి శిష్యులే. వాళ్లకి మూలాలన్నీ కంఠతా వచ్చు. పప్పు వండినవాడే రుచి చూసి బాగుందన్నట్టుంది వ్యవహారం. అది ఎవరికీ తట్టలేదు.

* * *

హైమవతికి ఒక్కడే అన్నయ్య. పేరు జగన్నాథం, అరవై నాలుగేళ్లు. పోర్టులో సరుకుల సర్వేయరుగా ముప్పై ఏళ్లు చేశాడు. ఓడలోంచి దిగిన సరుకు ఎంత చెడింది, ఎందుకు చెడింది, తప్పు ఎవరిది అని చూసి రిపోర్టు రాయడం అతని ఉద్యోగం. చెల్లెల్ని చదివించింది ఆయనే. పెళ్లి వద్దంటే సరే అన్నదీ, ఇంగ్లీషు మాటల పుట్టుకలు తవ్వుతానంటే "తవ్వుకో, ఎలకైనా దొరుకుతుంది" అని నవ్వి ఫీజు కట్టిందీ ఆయనే.

ఆ మనిషికి నాలుగు నెలల కిందట పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది. విన్నది అర్థమవుతుంది గానీ, నోట తెలుగు మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. ఇంగ్లీషులోనూ నాలుగే నాలుగు మాటలు మిగిలాయి. హర్ట్, హార్మ్, డామేజ్, ఇంజురీ. ముప్పై ఏళ్లు రిపోర్టుల్లో రాసిన మాటలు అవే కదా, నాలికకి అతుక్కుపోయాయి.

అల్లిపురంలోని ఆ ఇంట్లో అప్పట్నుంచీ మాటలన్నీ అవే. కాఫీ ఇస్తే "డామేజ్." కిటికీ తెరిస్తే "హర్ట్." మనవరాలు ఫోనులో కనిపిస్తే కళ్లనీళ్లు పెట్టుకుని "ఇంజురీ, ఇంజురీ." ఆయన భార్య రత్నాలమ్మ విజయనగరం మనిషి, ఇంగ్లీషు చదువుకోలేదు. అయినా ఆ నాలుగు మాటలతోనే సంసారం ఈడ్చుకొస్తోంది.

"కాఫీ బాగోలేదంటాడో, బాగుందంటాడో తెలీదు హైమా," అంది ఒకరోజు. "రెండింటికీ డామేజే. తాగీసాడంటే బాగున్నట్టు లెక్క."

మూడో నెలలో జ్వరం పట్టుకుంది. పెద్ద జ్వరం కాదు, సాయంకాలమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది. మనిషి మాత్రం రోజురోజుకీ కుంగిపోతున్నాడు. కుడికాలు ముడుచుకుని, "హార్మ్... హార్మ్..." అని మూలుగు. ఎక్కడ నొప్పి అంటే, పనిచేసే ఎడం చెయ్యి అక్కడికి అందక చూపించలేడు. కాలు ముడుచుకోవడం పక్షవాతం వల్లనే అనుకున్నారు డాక్టర్లు. స్కాన్లలో ఏమీ పట్టుబడలేదు.

"నా యంత్రం ఉండగా మీకు ఈ అవస్థ ఎందుకు?" అంది హైమవతి వాళ్లతో. అన్నయ్యని లాబుకి తీసుకెళ్లి టోపీ పెట్టింది, పట్టీ తను కట్టుకుంది.

జగన్నాథం చెల్లెలి వంక చూసి "హార్మ్" అన్నాడు.

గుండెని ఎవరో పిండినట్టయింది. కడుపులోంచి దుఃఖం తన్నుకొచ్చింది. హైమవతి పది నిమిషాలు ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని, అన్నయ్యని చూస్తున్న డాక్టరు విజయకుమారికి ఫోను చేసి చెప్పింది. "ఒంట్లో పెద్ద నొప్పి ఏమీ లేదు డాక్టరు గారూ. మనసులో బాధ. మాటలు పోయాయని కుమిలిపోతున్నాడు."

పన్నెండేళ్ల పరిశోధన చెప్పిన మాట. డాక్టరు నమ్మింది. దిగులు తగ్గే మందు రాసింది.

పదిహేను రోజులు గడిచాయి. జ్వరం నూటమూడుకి ఎక్కింది. రక్తంలో విషం చేరుతోందన్నారు. అది ఎక్కడినుంచి వస్తోందో తెలియదు. కుడి తుంటిలో ఎప్పుడో ఎముక విరిగినప్పుడు వేసిన ఉక్కు కడ్డీ ఉంది, బహుశా దాని దగ్గరే చీము పట్టి ఉండాలి, సోమవారం తుంటి తెరిచి చూద్దామన్నారు. గుండె బలహీనంగా ఉంది. టేబులు మీదనుంచి లేస్తాడని మాట ఇవ్వలేమన్నారు.

* * *

శుక్రవారం మధ్యాహ్నం ఆస్పత్రి వరండాలో రత్నాలమ్మ క్యారియరు ముందు పెట్టుకుని కూర్చుంది. మూత తియ్యలేదు. హైమవతి పక్కన చతికిలబడింది.

"వదినా, నా మీద కోపంగా ఉందా?"

"కోపం ఏటి, నువ్వు చెయ్యగలిగింది చేసావు." అంది రత్నాలమ్మ. "కానీ ఒకటి అడుగుతాను. మీ అన్న దిగులు పడుతున్నాడని అంత గట్టిగా ఎలగ చెప్పీసావు?"

"హార్మ్ అన్నాడు కదా వదినా. ఆ మాటకి పుట్టుకలో అర్థం శోకం."

"ఎవరి పుట్టుకలో?"

"ఇంగ్లీషువాళ్ల..."

"మీ అన్న ఇంగ్లీషోడేటి?" రత్నాలమ్మ చివాల్న తిరిగింది. "ముప్పై అయిదేళ్లు కాపురం చేసాను. మీ నాన్న పోయినప్పుడు ఏడిచాడు, మా పెద్దాడు నీళ్లల్లో పడి బతికినప్పుడు ఏడిచాడు. ఏడిస్తే తెలుగులోనే ఏడిచాడు. ఏడుపుకి ఆయన ఏనాడూ ఇంగ్లీషు వాడలేదు. ఇంగ్లీషు ఆయనకి పోర్టు గేటు దగ్గర మొదలయ్యేది."

రత్నాలమ్మ క్యారియరు పక్కకి జరిపింది.

"పొద్దున్నే రాసుకునీవాడు రిపోర్టులు. పైకి చదువుకుంటూ రాయడం అలవాటు. నేను పొయ్యి దగ్గరనుంచి వినీదాన్ని. ఇదేటి, అదేటి అంటే చెప్పీవాడు. ఓడకి సొట్ట పడితే హర్ట్. ఉప్పునీరు తగిల్తే డామేజ్. కూలీకి దెబ్బ తగిలితే ఇంజురీ. హార్మ్ మటుకు ఎప్పుడో గాని రాసీవాడు కాదు. రాసిన రోజు మొహం అదోలా ఉండీది. పైకి బస్తా నిక్షేపంలా ఉంటాదంట, కుట్టు కూడా చెదరదంట, కడుపులో గింజ ఉడికిపోయి ఉంటాదంట. చెయ్యి లోపలిదాకా దూర్చి చూస్తేగాని తెలీదు రత్నం, మిగతావన్నీ ఎవడైనా కనిపెడతాడు, ఇదొక్కటే సర్వేయరు కనిపెట్టాల్సింది అనీవాడు."

పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అనలేదు పెద్దలు. లాటిన్ దాకా, పాత జర్మన్ దాకా, సముద్రాలు దాటి తవ్వుకుంటూ పోయిన హైమవతి, అల్లిపురం వంటింటి గుమ్మం దాటి ఒక్క మాట అడగలేదు. సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి. ఇన్నోసెంట్ అనే మాట గుర్తొచ్చింది. మూలంలో దాని అర్థం హాని చెయ్యనివాడని. తన అన్నయ్య విషయంలో ఆ మాట తనకిక చెల్లదు. పదిహేను రోజులు తనే పోగొట్టింది.

"లే వదినా," అంది. "సోమవారం దాకా ఇంకా టైముంది."

* * *

శనివారం పొద్దున్న ఎనిమిదింటికి లాబులో ఎలీషా చేతులు కట్టుకుని యంత్రానికి అడ్డంగా నిలబడ్డాడు. ఎప్పుడూ మేడమ్ మాట జవదాటని మనిషి.

"పలక తుడిచెయ్యమంటున్నారా? మీకేమైనా మతిపోయిందా మేడమ్?"

"నీ యంత్రం తప్పు చెప్పలేదు ఎలీషా. అన్నయ్య బాధ మొత్తం పలక దాకా వచ్చింది. అక్కడ నేను గుమ్మంలో కూర్చుని, నువ్వు చెప్పాల్సింది ఇది కాదు, శోకం అని దాని చేతిలో కాసులమ్మ ఏడుపు పెట్టి పంపించాను. ఆ ముద్రలు పోతే అన్నయ్యది అన్నయ్యదిగానే వస్తుంది."

"పలక తీసేస్తే?"

"దారి తెగిపోతుందని నువ్వే కదా చెప్పావు. గాజు ఉండాలి, ఖాళీగా ఉండాలి. కొత్త పలక ఉందా?"

"పోతపోసి ఆరబెట్టాలంటే ఆరు నెలలు." అతని గొంతు తగ్గింది. "అనుభవాలకి నకలు తీసే విద్య మనకింకా రాలేదు. తుడిస్తే మూడువందల పన్నెండూ పోయినట్టే. ఇంకో తొమ్మిది రోజుల్లో ఎనిమిది దేశాల డాక్టర్లు ప్రదర్శనకి వస్తున్నారు. పన్నెండేళ్లు మేడమ్!"

"అన్నయ్యవి అరవై నాలుగు."

ఎలీషా యంత్రం ముందునుంచి పక్కకి జరిగాడు. జరుగుతూనే అన్నాడు. "ఇంకో సంగతి. పలకలో ముద్రలన్నిటికీ మనం హద్దు కట్టాం, మనిషి తట్టుకునేంతే. ఖాళీ పలకకి హద్దు ఉండదు. ఆయనకి ఎంత ఉంటే అంతా మీ మీద పడుతుంది. ఎంత ఉందో మనకి తెలీదు."

"తెలుసుకోవడానికేగా."

పొయ్యి రాజేసి, పలకని ఎర్రగా కాల్చారు. ఆ పని హైమవతి తనే చేసింది. గాజులో సన్నగా మెరిసే గీతలు ఒక్కొక్కటే కరిగిపోయాయి. ఎలీషా కుమ్మించుకున్న పొట్టేలు పోయింది, పడవ పోగొట్టుకున్నాయన నష్టం పోయింది, జైలు మనిషి తొమ్మిదేళ్లు పోయాయి. కాసులమ్మ గీత కరుగుతుంటే హైమవతి కళ్లు మూసుకుంది. అది మళ్లీ ఇమ్మని ఏ తల్లినీ అడగలేరు. ఎలీషా మొహం అటు తిప్పుకున్నాడు. పలక చల్లారేసరికి పదకొండయింది. అప్పటికి అది ఉత్త గాజుముక్క.

జగన్నాథాన్ని అంబులెన్సులో తీసుకొచ్చారు. కూడా డాక్టరు విజయకుమారి వచ్చింది. ఆమెకి నమ్మకం లేదు, కానీ రావడానికి అభ్యంతరమూ చెప్పలేదు. రత్నాలమ్మ భర్త తలకి టోపీ సర్ది, "మీ చెల్లి అడుగుతోంది, చెప్పండి. రిపోర్టు చదివినట్టు చెప్పండి" అంది.

ఆయన కళ్లు కాస్త తెరుచుకున్నాయి. పెదాలు ఆడాయి.

"హార్మ్."

హైమవతి అరవలేదు. అరవడానికి ఊపిరి ఉంటేగా! కుడివైపు, నడుం వెనక, చర్మం దగ్గర కాదు, ఎముక దగ్గరా కాదు, వెన్నుపూస పక్కన బాగా లోతుగా ఏదో ఉడుకుతోంది. పైన అంతా బాగానే ఉంది. లోపల మాత్రం సల సల కాగుతోంది. అక్కడినుంచి ఒక సెగ తొడలోకి దిగి కాలిని లోపలికి లాగేస్తోంది. ఆమె కుడికాలు తనంతట తానే ముడుచుకుపోయింది. చెమటలు కారిపోతున్నాయి. ఎలీషా స్విచ్చి మీద చెయ్యి వేశాడు.

"ఆపకు," అంది హైమవతి పళ్లబిగువున. "ఇంకోసారి అనమను. ఎక్కడో సరిగ్గా చూసుకోవాలి."

ఆయన మళ్లీ అన్నాడు. మూడోసారి కూడా అన్నాడు. ముప్పై ఏళ్లు బస్తాల్లో మోచేతిదాకా చెయ్యి పెట్టి చూసిన మనిషి, తన లోపలి చెడుగు ఎక్కడుందో ఎప్పుడో కనిపెట్టాడు. నెల రోజులుగా చక్కగా రిపోర్టు చదువుతూనే ఉన్నాడు. వినేవాళ్లే లేరు.

పట్టీ విప్పాక హైమవతి గోడ పట్టుకుని లేచి, పెన్ను తీసుకుని అన్నయ్య నడుం మీద గుండ్రంగా గీసింది. "తుంటి కాదు డాక్టరు గారూ. ఇక్కడ. వెన్నెముకని ఆనుకుని, నాలుగు వేళ్ల లోతు. కాలు పక్షవాతం వల్ల ముడుచుకోలేదు, ఇది లాగుతోంది."

డాక్టరు ఆ గుర్తు వంక చూసింది. ఏదో వెలిగినట్టు ఆమె మొహం మారిపోయింది. "వెన్ను పక్క కండరంలో... చీముగడ్డ. అక్కడ మేం దగ్గరగా చూడలేదు." ఫోను తీసి పరుగులాంటి నడకతో వెళ్లిపోయింది.

మధ్యాహ్నం స్కానులో సరిగ్గా ఆ గుండ్రం కిందే నిమ్మకాయంత గడ్డ కనిపించింది. తుంటి తెరవలేదు, మత్తుమందు కొద్దిగానే ఇచ్చి సన్నటి గొట్టం దూర్చి చీము లాగేశారు. ఆదివారం జ్వరం నూటొకటికి దిగింది. సోమవారం, ఆపరేషనుకని రాసిపెట్టుకున్న టైముకి, జగన్నాథం మంచం మీద లేచి కూర్చుని ఇడ్లీ తిన్నాడు. రెండో ఇడ్లీ పెట్టబోతే "డామేజ్" అన్నాడు. మూడోదీ తినేశాడు.

రత్నాలమ్మ ఆస్పత్రి అంతా వినపడేలా ఏడ్చింది. హైమవతి కూడా ఏడ్చింది, కుంటుకుంటూ వెళ్లి వదినని కావలించుకుని మరీ ఏడ్చింది. ఆమె కుడికాలు అప్పటికీ పూర్తిగా తిన్నగా రావడం లేదు. అది ఎప్పటికి సర్దుకుంటుందో, అసలు సర్దుకుంటుందో లేదో చెప్పలేమన్నారు. అన్నాచెల్లెళ్లిద్దరికీ ఒకే కాలు కుంటి అయిందని ఆమె అందరికీ గొప్పగా చెప్పుకుంది.

* * *

ప్రదర్శన మానుకుందామని ఎలీషా అన్నాడు. ఖాళీ గాజు చూపించి ఏం చెబుతాం?

"ఉన్న మాటే చెబుదాం," అంది హైమవతి.

హాలు నిండా డాక్టర్లు. హైమవతి కర్ర ఊతతో వేదికెక్కింది. పన్నెండేళ్లు తను నమ్మినది తప్పని మొదటి వాక్యంలోనే చెప్పేసింది. "మాట పుట్టుక నేను చెప్పగలను. అది మంచి చదువే, ఇప్పటికీ నాకిష్టమే. కానీ నొప్పితో ఉన్న మనిషి నిఘంటువులోంచి మాట్లాడడు. తను బతికిన బతుకులోంచి మాట్లాడతాడు. అందుకని పలక ఖాళీ చేశాం. ఇప్పుడు ఈ యంత్రానికి ఏ మాటా తెలియదు. మా అన్నయ్యకి నాలుగు మాటలే తెలుసు. ఆ నాలుగూ హాని మాటలే. చూడండి."

చక్రాల కుర్చీలో జగన్నాథం వచ్చాడు. నున్నగా గడ్డం గీయించుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పట్టీ కట్టుకోవడానికి ముందువరసలో ఒక జర్మనీ ప్రొఫెసరు లేచాడు. జగన్నాథం తల అడ్డంగా ఊపాడు. ఎడం చెయ్యెత్తి హాల్లో వెనకగా కూర్చున్న భార్యని చూపించాడు.

"నేనా? నేనేటి చెప్తాను ఇంతమందిలో!" అంటూనే రత్నాలమ్మ పైకొచ్చింది. పట్టు చీర చెంగు బిగించి, దెబ్బ తినడానికి సిద్ధపడినట్టు కళ్లు గట్టిగా మూసుకుంది. ఎలీషా పట్టీ కట్టాడు.

జగన్నాథం ఆమెని కాసేపు తేరిపార చూశాడు. తర్వాత మెల్లగా, ఎంతో ఇష్టంగా అన్నాడు.

"డామేజ్."

రత్నాలమ్మ ఉలిక్కిపడి కళ్లు తెరిచింది. బుగ్గలు కందిపోయాయి. చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "సిగ్గులేదూ!" అంది భర్తతో. "ముసలాడివైపోయి, ఇంతమంది ముందర, ఏటా మాటలు!"

జగన్నాథం సగం నోటితోనే పకపకా నవ్వాడు. అర్థమైనవాళ్లూ అర్థంకానివాళ్లూ, హాలు హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఎలీషా కళ్లు తుడుచుకుంటూ కొట్టాడు. జర్మనీ ప్రొఫెసరు ఆత్రంగా వేదిక దగ్గరికొచ్చి, ఆయన ఏమన్నాడు, ఆ మాటకి ఇప్పుడు అర్థమేమిటని హైమవతిని అడిగాడు.

"నాకు తెలియదండీ," అంది హైమవతి. అంత పండితురాలు ఆ మాట అంత సంతోషంగా అనడం ఎలీషా ఎన్నడూ వినలేదు.

చప్పట్లు ఆగేదాకా రత్నాలమ్మ తలొంచుకుని నిలబడింది. హాలు సద్దుమణిగాక వదులైన పట్టీని తనే బిగించుకుని, కుర్చీ దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది.

"ఏదీ," అంది, "మళ్లీ ఒకసారి అను."